కాగితం మీద రాయని వాట్లు

రోజుకెంత కరెంటు కావాలో
ముందు కాగితం మీద రాయమన్నాడు అస్లాక్.
ప్యానెళ్ళు ఎన్నో తర్వాత చూద్దామన్నాడు.
చేపల పడవల్లో వైర్లు లాగి లాగి
వేళ్ళు నల్లబడ్డ మనిషి,
ఒక మాటకి రెండో మాట కలపడు.

రాశాను.
ఫ్రిజ్జు, నలభై ఐదు వాట్లు, ఆగుతూ తిరుగుతూ.
దీపాలు రెండు. నీళ్ళ పంపు, చిటికెడు.
ఫోను. వార్తల రేడియో.
సెన్యా దీవి మీద ముప్ఫై ఏళ్ళు బస్సు తోలినదాన్ని,
నా రోజంతా ఒక చీటీలో పట్టేసిందే అని
కాస్త చిన్నబోయాను కూడా.

అతను చదివాడు. తిరగేసి వెనక చూశాడు.
"రాత్రికో?"

రాత్రికేముంటుంది, నిద్రపోతాను, అన్నాను.
అన్నానే గానీ
బండిలో మంచం కింది పెట్టె వైపు
నా కళ్ళు వెళ్ళనే వెళ్ళాయి.
ఒక గొట్టం, ముక్కుకి తొడుగు,
నిద్రలో నేను మరిచిపోయే ఊపిరిని
గుర్తుచేసే యంత్రం.
నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.
డిపోలో తెలిస్తే స్టీరింగు లాక్కుంటారని మొదట.
రిటైరయ్యాక, దాచడం అలవాటై.

"ముప్ఫై వాట్లు," అన్నాను నేలకేసి చూస్తూ,
"ఎనిమిది గంటలు."
అతను నవ్వలేదు, జాలిపడలేదు.
పెన్సిల్ నాలుకకి తాకించి గుణించాడు, రెండు వందల నలభై.
"ఇది అన్నిటికన్నా పైన ఉండాలి, తూర్డిస్,"
అని ఫ్రిజ్జు నెత్తిన రాశాడు.

కప్పు ఎక్కితే ఖాళీ ఎక్కడిది?
గాలికిటికీ మూత, యాంటెనా, పొయ్యి గొట్టం.
ప్యానెళ్ళు కొనకముందే అట్టపెట్టెలు ఆ కొలతకి కోసి పరిచి
రెండు రోజులు నీడల్ని కాపలా కాశాం.
మా ఎండ నడినెత్తికి ఎక్కదు.
అప్పు తీర్చను వచ్చినవాడిలా
గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాచి ఇచ్చిపోతుంది.
జానెడు యాంటెనాకి బారెడు నీడ.
అది ఒక మూల పడినా చాలు, ప్యానెల్ అంతా మూగబోతుందట.
"రెండిటినీ ఒకే దండలో గుచ్చొద్దు," అన్నాడు,
"చీకట్లో పడ్డది రెండోదాన్నీ లాగేస్తుంది.
వేరువేరుగా దించి కింద కలుపుదాం."
పెళ్ళిళ్ళ గురించి కూడా తెలుసేమో ఇతనికి.
అడగలేదు.

మేకులు లేవు, బంకే.
గీకి, స్పిరిట్‌తో తుడిచి, నల్లగా పిండి,
మోకాళ్ళ బరువంతా వేసి నొక్కాం.
వైరు లోపలికి దిగడానికి మాత్రం ఒక్క కన్నం తప్పదు.
డ్రిల్లు నా చేతిలో పెట్టాడు.
బండి నీది, కన్నమూ నీదే, అన్నట్టు.
ఇరవై ఆరేళ్ళుగా చుక్క కారని కప్పు!
కొలిచాను. మళ్ళీ కొలిచాను.
కాఫీ తాగొచ్చి మళ్ళీ.
రేకు పొట్టు బూట్ల మీద రాలింది.
లోపలికెళ్ళి తలెత్తితే
నాణెమంత ఆకాశం.

కంట్రోలర్‌కి ముందు బ్యాటరీని కట్టాలి,
ఆ తర్వాతే సూర్యుణ్ణి.
అందాకా ప్యానెళ్ళకి అమ్మ నేసిన ఉన్ని దుప్పటి కప్పాం.
చివరి స్క్రూ బిగించి "తియ్యి!" అని కింద నుంచి అరిచాడు.
లాగాను.
పద్నాలుగు.
అరవై ఒకటి.
నూట పన్నెండు.
అతను చదువుతూ పోతున్నాడు,
నేను పైన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని
మార్కులు వింటున్న పిల్లలా.

ఇవాళ జూలై మూడు, రాత్రి ఒంటిగంట.
సూర్యుడు నీళ్ళలో దిగకుండా
అంచు పట్టుకుని పక్కకి జరుగుతున్నాడు.
తెర మీద ఏడు వాట్లు.
చాలవు. మిగతాది పగలు దాచిన బ్యాటరీ పోస్తుంది.
తొడుగు పెట్టుకున్నాను, కిటికీ తెర వేయకుండానే.
పక్క బండివాళ్ళు చూస్తే చూడనీ.

డిసెంబరులో ఈ లెక్కంతా సున్నా.
అప్పుడు రేవులో ప్లగ్గు గుచ్చుకో,
అందులో సిగ్గేముంది, అన్నాడు అస్లాక్.

కప్పు మీద సీగల్ నడుస్తున్న చప్పుడు.
రెట్ట వేస్తుంది, ఖాయం.
పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఎక్కాలి.