చెవుడెద్దు

మా అబ్బ చెంగల్రాయప్ప వందవాసి చూడలేదు.
ఆయన ఎద్దులు చూసినాయి.

మార్గశిరంలో, రాగి కుప్ప నూర్చక ముందే
దామలచెరువు కనుమ దిగినారు ఎర్రకోట్ల సిపాయిలు,
వాళ్ల ముందర పొట్టి గుర్రం మీద దుబాసీ.
"ఫిరంగి బండ్లకు ఎద్దులు కావాల. బాడుగ ఇస్తారు దొరలు."
కాయితం మీద ఏందో గీకి అబ్బ చేతిలో పెట్టినాడు.
అబ్బ దాన్ని మూరెడు గుడ్డలో చుట్టి
విత్తనాల కాగులో, అనపగింజల అడుగున దాచినాడు.

ఎవరి మీద ఎవరి యుద్ధమో ఊళ్లో తెలీదు.
పరాసులని ఒకరు, నవాబు పగవాళ్లని ఒకరు.
కరణం వెంగప్ప మాత్రం ముక్కుపొడుం దులుపుకుంటా
"ఎవురు గెలిచినా కొలిచేది మన కల్లంలోనే" అన్నాడు.

మాఘం సగమైనాక
ఒకటే తిరిగొచ్చింది. మచ్చది.
బూడిదది రాలేదు.
మెడ మీద కాడిపుండు, తోక కుచ్చు సగం కాలింది.
"హో" అంటే నిలవలేదు, "బా" అంటే రాలేదు.
అవ్వ దాని చెవి కాడ చిటికేసి చూసింది,
ఇత్తడి చెంబు బండకేసి కొట్టింది.
ఆ పొద్దు అక్కడ ఎన్ని ఫిరంగులు పేలినాయో
మాకు అందిన లెక్క అదొక్కటే.

మరుసటేడు తప్పెట మోగింది.
"ఇకమీదట శిస్తు కుంఫిణీకి!"
నాకప్పుడు ఆరేండ్లు.
కోళ్లు గోడలెక్కినాయి, ఆడోళ్లు చేటలు దించినారు,
పిల్లోళ్లం పరిగెత్తినాం.
మచ్చది కసువు నములుతానే ఉంది.

అబ్బ కాయితం తీసుకుని చంద్రగిరికి నడిచినాడు.
అదే దుబాసీ. తలపాగా పెద్దదైంది.
చదివినాడు. "నిజమే, రెండెద్దులు, నలభై దినాలు.
దొర నీకు బాకీ."
ఇంకో పుస్తకం తెరిచినాడు.
"ఇదిగో, నువ్వు దొరకు బాకీ."
రెండింటికీ అడ్డంగా ఒకే గీత గీసి
"కొట్టేయగా ఇంకా పద్నాలుగు రూకలు నువ్వే కట్టాల" అన్నాడు.
చచ్చిన బూడిదది ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ రాత్రి అబ్బ సంగటి ముట్టలేదు.
కొట్టంలో కూచోని మచ్చదాన్ని అడగతా ఉన్నాడు:
"నువ్వు ఆడ ఉన్న్యావు గదరా.
గెలిచింది ఎవురు? ఓడింది ఎవురు?
మనం ఆ రెండిట్లో యాడుండాము?"

మెడ మీద చెయ్యి తగిలినందుకు
అది తల తిప్పింది.