పోయొస్తనని చెప్పకుండ

హన్మకొండ చౌరస్తాల మెట్ల కింద నా దుకాణం.
నిలబడితే నెత్తి తగుల్తది, అందుకే
వచ్చినోళ్లంత వంగే మాట్లాడుతరు.
మార్కండి కూడ వంగి, అంగీ జేబుల్నుంచి
అగ్గిపెట్టెంత పాటల డబ్బా తీసి బల్ల మీద పెట్టిండు.
"నిన్నటిదాక పాడింది. ఇయ్యాల సున్నా అంటాంది."

డబ్బా మూలలకు ఎర్ర నూలు చిక్కుకొని ఉన్నది.
కొత్తవాడ, జంపఖానాల మగ్గం.
అడగకముందే తెలిసింది.

వైరు పెట్టిన. కంప్యూటర్ మర్యాదగనే అడిగింది:
ఫార్మాట్ చెయ్యాల్నా?
చాయ్ తాగుతవా అన్నట్టే అడుగుతది ఎప్పుడైనా.
వద్దని నొక్కిన.
పేర్లుండే చోట ఖాళీ డబ్బాలు, ప్రశ్న గుర్తులు,
ఏ భాషకూ చెందని అక్షరాలు.
ఒక పాట పుట్టిన ఏడు
రెండువేల నూట ఏడంట.

"మధ్యల ఎవరన్న గుంజిండ్రా?"
"మా అల్లుడు. కొత్త పాటలు ఎక్కుతుంటే
బస్సుకు ఆలస్యమైతాందని..."

అదే మరి.
పోయొస్త అని చెప్పకుండ మనిషి పోతే
తలుపు దగ్గరెయ్యాల్నో తెరిచుంచాల్నో
ఇంటికి తెల్వది.
ఇది కూడ రాసుకుంట రాసుకుంట
చెయ్యి గాల్లనే ఉంచింది.

పాటలు పోలేదన్నా,
ఏది యాడున్నదో రాసుకున్న పట్టిక చెడింది.
ఇట్ల చెప్తే ఎవ్వరికీ ఎక్కదు.
ఆయన తల ఊపిండు:
"పడుగు పోగులున్నయి, వరస తప్పింది. అంతేనా?"
అంతే.
పదకొండేండ్లల్ల నాకే ఇంత మంచిగ చెప్పొస్తలేదు.

ముందుగాల మొత్తానికి నకలు తీసిన,
అసలు దాని మీద చెయ్యి వెయ్యొద్దు.
మరమ్మతంత నకలు మీదనే. గంటన్నర.
ఆయన పోలే. స్టూలు మీద కూసొని
నా బుట్టల తెగిన చార్జర్ వైర్లను
ఊరికే ముడేసుకుంట ఉన్నడు.

అరవై మూడుల నలభై ఒకటి దొరికినయ్.
పేర్లు లేవు. ఒకటో నంబరు, రెండో నంబరు,
ఎంజీఎం దవాఖానల మంచాల లెక్క.
ఒక్కొక్కటి వినిపించిన.
ఆయన పేరు చెప్పిండు, నేను కొట్టిన.
సినిమా పేరు కాదు, పాడినోళ్ల పేరు కాదు:
నీలం అంచు.
కరెంటు పోయిన రాత్రి.
సొసైటీ పైసలిచ్చిన నాడు.
ఆకుపచ్చ, సగం.
మళ్ల ఆకుపచ్చ.

పదిహేడో నంబరుల ఒక ఆడగొంతు,
ఊపిరి తీసుకునే చోట ఉన్నట్టుండి
ఎవరి పెండ్లిదో బ్యాండు మేళం.
రెండు పాటలు ఒకే అర్రలకు జొరబడ్డయి.
"ఇది తీసెయ్యాల్నా?"
చాన సేపు విన్నడు. మళ్ల పెట్టుమన్నడు.
"అతుకు అని రాయి."

మిగిలిన ఇరవై రెండింటికి నా తాన జవాబు లేదు.
"అవి నేనే పాడుకుంట తియ్," అన్నడు,
అని, రెండు వందలంటే నూట ముప్పై ఇచ్చిండు.
దొరికిన లెక్కకు అంతేనంట.
తర్వాత క్యాలిక్యులేటర్ల కొట్టి చూసిన, నిజంగ అంతే.

డబ్బాను పీకబోయి ఆగిండు.
"దీనికి చెప్పాల్నా?"
మౌసు చేతికిచ్చిన.
నాడె పట్టే చెయ్యి, బాణం గుర్తును
తెర మీద నాలుగు దిక్కులా తిప్పి తిప్పి నొక్కింది.
ఇగ తీసుకోవచ్చు అన్నది కంప్యూటర్.

"పోయొస్త," అన్నడు
నా దిక్కు చూడకుండ,
వంగుడు మర్చిపోయి లేసిండు.
ఠంగున తగిలింది మెట్టు.