నూనె వేలిముద్ర

రమ్స్ ఒడ్డుకు అది రాత్రిపూట వచ్చింది.
పొద్దున మేం బస్సు దిగేసరికి
సముద్రం సప్పుడు చేస్తలేదు.
అల లేచుడు కండ్లకు కనిపిస్తున్నది, చెవులకు రాలేదు.
గొంగడి కప్పుకున్నోడు లోపల్నించి దగ్గినట్టు
ఎక్కడనో అడుగున, మెల్లగ.

ముసలి ఉబైద్ తన తీగబుట్టలు
తొంభై ఆరు
ఒక్కొక్కటే పైకి గుంజి చూసిండు.
చేపలు బుట్టల్నే ఉన్నయి.
అన్నీ ఒక్క జాతే అన్నట్టు, నల్లగ.
ఏడ్వలేదు, ఎవ్వర్ని తిట్టలేదు.
చేతులు కడుక్కుందామని నీళ్ల దిక్కు వంగి
ఆగిపోయిండు.

మాకు పారలిచ్చిండ్రు, పసుపుపచ్చ సంచులిచ్చిండ్రు.
చేతి తొడుగులు మూడోనాడు చినిగినయి,
కొత్తవి పదకొండోనాడు వచ్చినయి.
ఆ నడిమి దినాలన్నీ
నేను, బోగ్రా నుంచి వచ్చిన షఫీకుల్, మెట్‌పల్లి దిక్కు బక్కన్న
ఉత్త చేతులతోని రాళ్లను
పసిబిడ్డకు తలకు పోసినట్టు కడిగినం.

కంపెనీ మనిషి వచ్చిండు, బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని.
"ఈ తొవ్వల దినాం ఎన్నో ఓడలు పోతయి,
ఈ చుక్క మాదేనని ఎట్ల చెప్తరు?" అన్నడు.
మా ఊళ్లె గెట్టు జరిపినోడు సుత గదే అంటడు:
మట్టి మీద పేరు రాసున్నదా?

మైథా మేడం సర్కారు మనిషి.
మోకాళ్ల దాక దిగి గాజుసీసల్ల నల్లనీళ్లు పట్టింది,
మూతలకు మైనం పెట్టింది, తారీకు రాసింది.
"నూనెకు సుత వేలిముద్ర ఉంటది" అన్నది మాకు హిందీల.
"ఓడ అడుగు మడ్డిని, ఈ మడ్డిని
పక్కపక్కన పెడ్తే చాలు."

చాలింది.
నాలుగు నెలలకు కాగితం తయారైంది.
బతిమాలుడు కాదు, చందా కాదు,
సర్కారు రాసిన బిల్లు.
పైసలు కట్టందాక రేవుల ఓడకు లంగరు లేవదట.
నా ఎరుకల బిల్లులన్నీ కిందికే దిగినయి:
కరెంటుది, ఏజెంటుది, దవాఖానది.
పెద్దోని గడప తొక్కిన బిల్లును
ఈ కండ్లతోని చూసుడు అదే మొదలు.

సంచులు లెక్కవెట్టింది నేను గనుక
సాక్ష్యానికి రమ్మన్నరు.
మేడం చదువుకుంట పోయింది:
ఒడ్డు, పదకొండు కిలోమీటర్లు.
మడ చెట్లు, నాలుగు వేల రెండు వందల పన్నెండు.
నీటికాకులు మూడు వందల పద్దెనిమిది.
తాబేళ్లు ఆరు, గుడ్ల సంగతి తెల్వదు.
బుట్టలు తొంభై ఆరు. ఉబైద్ నూరు అన్నా నడుస్తుండె,
అనలేదు.
కూలి గంటలు ఆరువేల నూట నలభై.
గండ్లనే ఎక్కడనో మేమున్నం,
నీళ్ల ట్యాంకరు కిరాయికి, పారల ఖర్చుకు నడుమ.

బొటనవేలు పెట్టుమన్నరు. పెట్టిన.
మిషిన్ల ఎర్రలైటు.
అంగీకి తుడిచి పెట్టిన. ఎర్రలైటు.
ఎడమ చెయ్యి. చూపుడువేలు. ఆఖరికి చిటికెన వేలు.
అన్నీ సీసముక్క లెక్క నున్నగున్నయి.
"మనిషెవ్వడో తేలంది, మాటెట్ల చెల్లుతది?"
కంపెనీ వకీలు నవ్విండు.
టేబుల్ మీద మైనం పెట్టిన సీస
దాని ముద్ర దాని లోపల పెట్టుకొని
సల్లగ కూసున్నది.

మేడం మిషిన్‌ను పక్కకు జరిపింది.
నా వేళ్లను లైటు కింద పట్టి
తడిసిన రెక్కను చూసినట్టు చూసింది.
"పేరు?"
సుంకరి రాజమల్లు.
"ఇంకోసారి, మెల్లగ."
కాగితం కుడి అంచుకెళ్లి
నా పేరు ఎడమకు నడువబట్టింది.

సాక్షుల కాడ రాసిందో,
నీటికాకుల కింద రాసిందో,
నాకు ఆ రాత రాదు.
సంచుల మీద చూసి అంకెలు మాత్రం నేర్చుకున్న.
పేరు పక్కన ఆమె నిలువుగ గీసిన గీతను
చదువగలిగిన.

ఒకటి.