తలుపు బల్ల

మొదట అది తలుపు.
వాక్లీ కొండ దిగువన పాతసామాన్ల కొట్లో
గోడకి చేరగిలబడి వానకి నానుతుంటే
బేరమాడి పదిహేను పౌండ్లకి తెచ్చాం.
"ఏ గదికి పెడతారు?" అన్నాడు క్లిఫర్డ్.
"గదికి కాదు, కాళ్ళకి" అంది సుభాషిణి.
అతనికి అర్థం కాలేదు.
అప్పటికి నాకూ పూర్తిగా కాలేదు.

షెఫీల్డులో ఇళ్ళు కూడా కొండతోపాటే ఒరుగుతాయి.
బల్లమీద పెన్సిలు పెడితే
వీధివైపు తనంతట తనే దొర్లిపోయేది.
ఒక కాలికింద నాలుగు మడతల కరెంటు బిల్లు,
ఇంకో కాలికింద బీరు మూత.
తాళంకన్నం కాస్త పెద్దది చేసి తీగలు దించాం.
ఎవరింటి తాళంచెవో ఎన్నేళ్ళో తిరిగిన చోట
మా ఇంటర్నెట్టు దూరింది.

ఒకటే బల్ల. ఒకటే కుర్చీ.
పగలు నాది: ఎవరెవరి జీతాలో లెక్కకట్టడం.
రాత్రి ఆమెది: డాక్టర్లు గొణిగిన మాటల్ని
చెవిలో పెట్టుకుని టైపు కొట్టడం.
ఆరింటికి నేను లేస్తే
వేడి చల్లారకముందే ఆమె కూర్చునేది.
పొద్దున్న నేను కూర్చోగానే
మోకాళ్ళు గడ్డానికి వచ్చేవి.
నాలుగు వేళ్ళ తేడా మా ఇద్దరి ఎత్తులకి.
మీట లాగి బుస్సుమని పైకి లేచేవాణ్ణి,
అదే మా ఇంట్లో తెల్లారడం.
కీబోర్డు సందుల్లో పల్లీ పొట్టు,
తెర అంచుకి అంటించిన పసుపు కాగితం:
"మౌసు బ్యాటరీ చచ్చింది.
నీ గడియారంలోది పీకాను. తిట్టుకో."

శుక్రవారాలు ఆఫీసులో అందరూ
ఎవరి బల్ల ఫోటో వాళ్ళు పంపుకునేవాళ్ళు.
గ్వెన్ బల్లమీద నాచు పెంచిన గాజుబుడ్డి.
ప్రీతమ్ గోడకి ఊదారంగు వెలుగు,
దాని ముందు ధనుస్సులా వంగిన తెర.
వెతికినా ఒక్క తీగ కనబడదు,
వాళ్ళింటికి కరెంటు గాలిలో వస్తుందేమో.
నేను ఫోటో తీసేముందు
దగ్గుమందు సీసా, కొరికి వదిలిన టోస్టు, ఆమె జడ రబ్బరు
మోచేత్తో పక్కకి నెట్టాను.
ఎంత నెట్టినా తాళంకన్నం పడింది.
"అదేంటి?" అని పదకొండుమంది అడిగారు.
పదకొండుమందికీ ఒకటే జవాబు: తలుపు.
పెళ్ళినాడు కూడా నాకు
అన్ని మెచ్చుకోళ్ళు రాలేదు.

మెచ్చుకున్నాక ఆశ ఊరుకోదు కదా.
తెరకి చెయ్యి కొన్నాం. చెయ్యి ఉందని ఇంకో తెర.
రెండో తెరకి దీపం, దీపానికి తీగ,
తీగలు పడుకోడానికి తొట్టి.
ఇన్ని కొత్తవాటి కింద
చివరికి బల్లే పాతదయింది.

మార్చిలో పెరిగిన జీతంతో రెండు మోటారు బల్లలు,
ముందుగది నాకు, వెనకగది ఆమెకి.
బొత్తాం నొక్కితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది,
మన ఎత్తు మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది.
తలుపుని పెరటిగోడకి ఆనించాం.
తాళంకన్నంలో నత్త ఒకటి కాపురం పెట్టింది.

ఇప్పుడు నా కుర్చీ
నేను వదిలిన ఎత్తులోనే ఉంటుంది.
కీబోర్డు శుభ్రం. మోకాళ్ళు క్షేమం.
పొద్దున్నే కూర్చుంటే
అక్కణ్ణించి ఎవరూ లేచి వెళ్ళినట్టుండదు.
ఆమె వెనకగదిలోంచి ఫోటో పంపుతుంది,
"నా బల్ల ఎలా ఉంది?"
బాగుంది, అని కొడతాను.
గోడ అవతల టింగుమంటుంది.

నా బల్లకి బొత్తాలు రెండు.
ఒకటి నాది. రెండోది ఊరికే ఉంది.
నిన్న నాలుగింటికే చీకటి పడితే
ఆమె ఇంకా నిద్రలో ఉండగా
టేపు పట్టుకెళ్ళి ఆమె బల్ల కొలిచొచ్చి
రెండో బొత్తానికి ఆ ఎత్తు నేర్పాను.
నొక్కాను.
సన్నగా మూలుగుతూ దిగింది బల్ల,
నా మోకాలికి తగిలి
ఉలిక్కిపడి
రెండు వేళ్ళు పైకి లేచి
అక్కడే ఆగిపోయింది.