ఖాళీ బెజ్జం

దూద్‌బౌలిలో ఆ ఇంటిని విప్పే ముందు
కొలతలు తీయడానికి వెళ్లాం.
నేనూ, టేపు పట్టే ఫయాజూ,
ఏ కర్ర ఎంతకు పోతుందో చెప్పడానికి వడ్ల మోనయ్యా.

పద్నాలుగు టేకు కంబాలు.
కింద నల్లరాతి దిమ్మెలు,
చెదలు ఎక్కుతూ ఎక్కుతూ విసిగిపోయేటంత ఎత్తు.
దూలం మీద దంతెలు, దంతెల మీద చెక్కలు,
ఆ పైన బెల్లం నీళ్లు తాగిన డంగు సున్నం.
ఎక్కడా ఒక్క ఇనుప మేకు లేదు.
కుసి బెజ్జంలోకి దిగి కూర్చుంది,
అడ్డంగా ఒక చీల. అంతే.

"గోడలన్నీ కూల్చినా ఇల్లు నిలబడతది సారూ.
గోడ వట్టి అంగీ," అన్నాడు మోనయ్య,
కంబాన్ని అరచేత్తో చరిచి. "మనిషి ఈడున్నడు."

కంబాల మెడల మీద ఉలి గాట్లు,
ఎక్కడ నిలబెట్టాలో చెప్పే లెక్క.
ఎనిమిదో కంబానికి తొమ్మిది గాట్లున్నాయి.
ఒకటి కొట్టేసి ఉంది.
ఆ రోజు ఎవరో పిల్లవాడు తిట్లు తిని ఉంటాడు.

నడిమింటి దూలం దగ్గర నా పెన్సిల్ ఆగింది.
దాని పక్కటెముకల్లో ఆరు బెజ్జాలు,
ఏ కర్రా వాటిలోకి రాదు.
చక్కగా, శ్రద్ధగా తొలిచిన ఖాళీ.
మోనయ్య నిచ్చెనెక్కి వేలు పెట్టి తోడాడు.
అరచేతిలోకి రాలింది
బూడిదరంగు ఒండ్రు.

"తుగ్యానీ," అంది ఖుద్సియా బేగం, తఖ్తు మీంచి లేవకుండానే.
మూసీ ఇళ్లను మోసుకుపోయిన ఏడు
వంతెన కాళ్లకు అడ్డంపడ్డ కలపని
వేలంలో కొన్నారట ఆమె మామగారి తండ్రి.
ఎవరింటిదని అడగలేదట.
అడిగితే చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఉన్నదానికి నిండుగీత,
కనబడనిదానికి చుక్కలగీత, ఇదే నేను నేర్చుకున్నది.
ఇంకో ఇంట్లో, ఇంకో వరండాలో
ఈ ఆరింటిలో దూరి నీడ పట్టిన కర్రలకు
ఏ గీత గీయాలి?
కాగితం చివర ఆరు చిన్న గడులు గీసి వదిలేశాను.

"బొక్కలున్న కర్రకు సగం ధరే," అంటూ
మోనయ్య సుద్దముక్కతో నంబరు వేశాడు.
"కొన్నోడు ఇంకో రెండు పొడుస్తడు."
బేగం ఏమీ అనలేదు. పాన్‌దాన్ మూత పెట్టింది.

చెయ్యి దులుపుకోవడం మరిచి
మోనయ్య బీడీ వెలిగించాడు.
అవతలి కొసన ఫయాజ్ టేపు వదిలేశాడు.
పదహారడుగులు సరసరా పాక్కుంటూ
నా గుప్పిట్లోకి వచ్చేశాయి.