నీళ్ల వంతు

ఇక్కడికి బస్సు రాదు.
వాదీ అడుగున గులకరాళ్ల మీదుగా
నాలుగు చక్రాలూ తిరిగే బండి ఒక్కటే వస్తుంది,
అదీ వాన పడకపోతేనే.
రెండు నల్లకొండలు మోచేతులు ఆనించుకుని కూర్చున్న సందులో
ముప్ఫై ఇళ్లు, మూడొందల ఖర్జూరపు చెట్లు.
హైల్ సుమైర్ అని పేరు.
పటంలో చూపించమంటే
మా మేస్త్రీ గోటితో గీరి
"ఇక్కడెక్కడో" అన్నాడు.

కొండ నెత్తిన రాయి పగలగొడితే
లోపల ఆల్చిప్ప.
సముద్రం ఇంతెత్తు ఎందుకెక్కిందో, ఎప్పుడు దిగిపోయిందో!
జేబులో వేసుకున్నాను.
కోరుట్లలో చూపిస్తే ఎవడూ నమ్మడు.

నా పని ఫలజ్ పూడిక తీయడం.
ఫలజ్ అంటే కాలువే, కాకపోతే
కొండ కడుపులో పుట్టి
నేల కింద రెండు మైళ్లు పాక్కుంటూ వచ్చి
ఊరి మొదట్లో కళ్లు నులుముకుంటూ వెలుగులో పడుతుంది.
సొరంగంలో నేనూ, సిల్హెట్ మొఫీజూ,
మా పాదాలు కొరికే వేలెడు చేపలూ.
గోడ మీది ఉలిగాట్లు తడిమి చూశాను,
ఎడమచేతి వాటం మనిషివి.
ఎన్ని వందల ఏళ్ల కిందటివాడో, పేరు మిగల్లేదు,
వాటం మాత్రం ఇంకా తడిగా ఉంది.

పగుళ్లకి సిమెంటు వద్దంటాడు ముసలి మహన్నా.
ఎర్రమట్టిని పిడకలు చేసి
ఖర్జూరపు మొద్దుల మధ్య పేర్చి
రెండు రాత్రులు కాల్చి, దంచి, జల్లించి పూయాలట.
సారూజ్ అంటారు.
కాలేటప్పుడు వాసన చూశాను,
మా ఇటుక బట్టీకి చుట్టం.

నీళ్లు ముందు నోటికి.
తర్వాత మసీదు మెట్టుకి, స్నానాల గదికి,
ఖర్జూరానికి, నిమ్మకి,
మిగిలితే వెల్లుల్లి మడికి,
చిట్టచివర
గాడిదలు లేని గాడిదల తొట్టికి.
పగలు వంతు నీడ చెబుతుంది:
ఎండలో పాతిన కర్ర, చుట్టూ రాళ్లు,
రాయి నుంచి రాయికి నడిస్తే ఒక అథర్,
మన లెక్కన అరగంట.
రాత్రి వంతు చుక్కలు చెబుతాయి.
అందరి జేబుల్లో ఫోన్లున్నా
మహన్నా చెప్పిందే టైము.

మా తాత నీరటి.
తూము దగ్గర కట్టె పట్టుకుని నిలబడితే
దొర జీతగాడు కూడా వంతు దాటేవాడు కాదని నాయిన అనేవాడు.
బోర్లొచ్చాక ఆ కట్టె
కోళ్లగూటికి గడియ అయింది.
అది చూసి పెరిగినవాణ్ణి,
నీళ్ల న్యాయం చూడటానికి
ఎడారిదాకా రావాల్సి వచ్చింది.

మహన్నా పుస్తకంలో ఒక వంతుకి యజమాని లేడు.
పేరుండాల్సిన చోట
"గరీబ్" అని ఉంది.
మా దిక్కున గరీబంటే బీదవాడు.
ఇక్కడ పరాయివాడట.
నన్నడిగితే
రెండూ కలిపి చదువుతాను.
ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని ఆ అథర్‌ని
మహన్నా నా గది వెనక గోంగూర మడికి రాసిచ్చాడు,
శుక్రవారం రాత్రి,
చుక్క కొండ గండి దాటేదాకా.

అతని రెండు కళ్లకీ పొరలొచ్చాయి.
ఈ సంగతి ఊళ్లో నాకొక్కడికే తెలుసు.
చలికి శాలువా కప్పుకుని కాలువ గట్టున కూర్చుని
మొహం ఆకాశానికెత్తి అడిగాడు:
"సురయ్యా గండి దాటిందా, ఐలయ్యా?"

తలెత్తాను.
నాకది పిల్లలకోడి.
డాబా మీద మంచమేసి
నాయనమ్మ వేలితో లెక్కబెట్టించిన కోడి,
ఆరు పిల్లలతో
గండి దాటి అప్పటికే బెత్తెడు పైకొచ్చింది.

మడి సగమే తడిసింది.
కింది సాళ్లలో ఆకులు వాలిపోయి ఉన్నాయి.
"ఇంకా లేదు" అంటే
ఎవరు చూడొచ్చారు?
ఊరు నిద్రపోతోంది,
మొఫీజ్ కూడా.
గొంతులో ఆ మాట తయారుగానే ఉంది.
కోళ్లగూటి గడియ ఎందుకు గుర్తొచ్చిందో గానీ...

"దాటింది" అన్నాను.
గుడ్డపేలిక, పలకరాయి, గుప్పెడు బురద.
నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి
నసీబ్ వాళ్ల వెల్లుల్లి వైపు తిరిగాయి.

మహన్నా ఏమీ అనలేదు.
లేస్తూ నా భుజం పట్టుకున్నాడు,
నిలదొక్కుకోవడానికే కావచ్చు.