తలకిందుల ఓడ

హార్లింగెన్ రేవు వెనక సందులో మా కార్ఖానా.
నూరు పలకలకు తొమ్మిది స్టూవర్లు.
పగిలినవి లెక్కలోకి రావు.

సూదితో పొడిచిన కాగితం పలక మీద పరిచి
బొగ్గుపొడి మూటతో తడతాను.
కాగితం ఎత్తితే చుక్కలు చుక్కలుగా ఓడ.
అదే ఓడ, పొద్దున్నుంచి డెబ్బయ్యోసారి.

పచ్చి పూత కుంచెలోని తడిని
దూడ పాలు గుంజినట్టు గుంజేస్తుంది.
గీశావంటే గీసినట్టే.
తుడవబోతే తెలుపు కూడా ఊడి వస్తుంది.

నీలం అంటారు గాని,
నేను గీసేటప్పుడు అది పొయ్యి అడుగు బూడిద.
ఆవంలో రెండు రాత్రులు కాలాకే
దానికి సముద్రం గుర్తొస్తుంది.

విట్సె తిమింగలాల వేటకు పోయి
ఇది రెండో చలికాలం.
నేనేమీ అనుకోను. తెరచాపల్లో గాలి నింపుతాను.
అన్ని ఓడల మొహమూ ఎడమకే,
రేవు విడిచి పోతున్నట్టు.
మేస్త్రీ డౌవె పొడిచిన కాగితం అలాంటిది.

నిన్న హెర్రింగ్ షావుకారు ఇంటికి
తక్కువపడ్డ పన్నెండు పలకలు మోసుకుపోయాను.
వంటింట్లో పొయ్యి చుట్టూ నా ఓడలే,
మూడు వందల పైచిలుకు.
కింది వరుసలో, చీపురు తగిలే చోట,
ఒకటి తలకిందులుగా.
సముద్రం పైన. స్తంభాలు నేలకేసి.
"తాపీవాడు తాగొచ్చాడు" అంది వంటమనిషి యెల్ట్యె.
"ఒకటి పీకితే నాలుగు పగుల్తాయట.
ఉండనీ అన్నారు అయ్యగారు."

నేను చెయ్యి పెట్టి తడిమాను. చల్లగా ఉంది.

యెల్ట్యె కూతురు, నాలుగేళ్ళుంటాయేమో,
బల్ల మీద వెల్లకిలా పడుకుని
తల కిందికి వేలాడేసి,
జడ నేలని ఊడుస్తుంటే, గోడకేసి చూస్తోంది.
"అన్నీ మునిగిపోయాయి" అంది నాతో, చాలా మామూలుగా.
"అదొక్కటే బాగుంది."

ఇంటి దారిలో, వంతెన దాటాక గాని తట్టలేదు:
తలకిందులైనప్పుడు దాని మొహం కూడా తిరిగింది.
కుడికి.

ఇవాళ కాగితాన్ని తిరగేశాను.
సూది రంధ్రాలకు బొమ్మా బొరుసూ లేదు.
తట్టాను.
స్తంభాలు నిటారుగా, నీళ్ళు కిందే,
ఓడ మాత్రం ఇటు తిరిగి.
డౌవె భుజం మీంచి తొంగి చూసి
"ఈ పలక కూలి కోస్తా" అన్నాడు.
కొయ్యమన్నాను.

ఇంకా అది బూడిద రంగులోనే ఉంది.
ఆవం శనివారం వెలిగిస్తారు.